జస్టీనియన్‌ని షార్ట్ నోట్స్ నుంచి విడిపించండి: బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఎల్‌ఎల్‌బీ సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,

నమస్కారాలు.

క్రీ.శ. 533 డిసెంబర్ 16న కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఒక చక్రవర్తి ఎనిమిది మంది న్యాయశాస్త్ర ఆచార్యులకు పేరుపేరునా ఉత్తరం రాశాడు. ఏ ఏడాది ఏ పుస్తకం పాఠం చెప్పాలి, ఏ భాగం విద్యార్థి సొంతంగా చదువుకోవాలి అన్నదంతా అందులో ఉంది. ఆ చక్రవర్తి తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని ఏలిన జస్టీనియన్. మొదటి లాటిన్ మాటను బట్టి ఆ ఉత్తరాన్ని 'ఓమ్నెమ్' అంటారు. ఇవాళ మీరు చేస్తున్న పనే దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందట ఆయన చేశాడు. అది పైనుంచి కిందికి వచ్చిన ఆజ్ఞ, ఇది కిందినుంచి పైకి వస్తున్న విన్నపం. జిల్లా కోర్టులో సివిల్ దావాలు నడుపుకుంటూ, వారానికి కొన్ని గంటలు జురిస్‌ప్రుడెన్స్ (న్యాయతత్వశాస్త్రం) చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని నేను.

విన్నపం ముందే చెప్పేస్తాను. రోమన్ చట్టాల క్రోడీకరణ మన విద్యార్థులకు ఇప్పుడు ఒక షార్ట్ నోట్, ఇరవై లాటిన్ సూక్తులు. క్రీ.పూ. 451–450లో రోమ్ తొలి లిఖిత చట్టమైన పన్నెండు ఫలకాలు, 533లో పాత న్యాయవేత్తల రాతల సంకలనమైన డైజెస్ట్, ఆ తర్వాత యూరప్ మీద ప్రభావం, అయిదు మార్కులు. దాన్ని అక్కడినుంచి తీసి, ఒక పూర్తి యూనిట్‌గా, మూలపాఠంతో సహా పెట్టండి. మామూలు యూనిట్‌గా కాదు, ఒక కోడ్‌ను మనుషులు ఎలా తయారుచేస్తారో చూపించే యూనిట్‌గా.

సూక్తులతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మా క్లాసులో అందరికీ వచ్చినవి అవే. పెళ్లిలో మంత్రాల్లాగా అర్థం అడగకుండానే అప్పజెప్పేస్తారు. అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదన్నది అందరికీ నోటికి వచ్చు. అది మూడో శతాబ్దపు రోమన్ న్యాయవేత్త అల్పియన్ వాక్యం. డైజెస్ట్ చిట్టచివరి అధ్యాయంలో, 50వ పుస్తకం 17వ శీర్షిక కింద, 211 సూక్తుల మధ్య ఉంది. ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్టర్ చేసిన కేసులు చూసే నాలాంటివాడికి ఆ వాక్యం విలువ ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ శీర్షికలో మొట్టమొదటి సూక్తి ఏమిటో మా క్లాసులో ఎవరికీ తెలియదు. పౌలస్ అనే న్యాయవేత్తది అది. సూత్రమంటే ఉన్న విషయాన్ని క్లుప్తంగా చెప్పేది మాత్రమే, సూత్రంలోంచి చట్టాన్ని తీయకూడదు, ఉన్న చట్టంలోంచి సూత్రాన్ని తయారుచేసుకోవాలి అంటాడాయన. అదే శీర్షికలో 202వది జవోలెనస్ అనే మరో న్యాయవేత్తది: పౌరచట్టంలో నిర్వచనం ఏదైనా ప్రమాదకరమే, దాన్ని తలకిందులు చేయగలిగే సందర్భం దొరక్కపోవడం అరుదు.

సూక్తుల్ని నమ్ముకోవద్దని సూక్తుల అధ్యాయం గుమ్మంలోనే రాసి పెట్టారన్నమాట. మనం ఆ గుమ్మం దాటేసి లోపలున్నవాటిని బట్టీ పట్టిస్తున్నాం.

డైజెస్ట్ అంటే నిజంగా ఏమిటో తెలియాలంటే ఒక్క కేసు చాలు. 9వ పుస్తకం 2వ శీర్షిక, అక్విలియా చట్టం, ఆస్తినష్టానికి సంబంధించింది. కొందరు బంతాట ఆడుతున్నారు. ఒకడు గట్టిగా కొట్టిన బంతి దగ్గర్లో గడ్డం గీస్తున్న క్షురకుడి చేతికి తగిలింది. గీయించుకుంటున్న బానిస గొంతు తెగింది. ఎవరిది తప్పు? అల్పియన్ మూడు అభిప్రాయాలు చెబుతాడు. మేలా అనే పాత న్యాయవేత్త ప్రకారం వాళ్లలో ఎవరిది నిర్లక్ష్యమైతే వాళ్లే బాధ్యులు. ప్రొకులస్ ప్రకారం క్షురకుడిది. జనం ఆటలాడే చోట, రాకపోకలు ఎక్కువగా ఉండే చోట పీట వేస్తే అతణ్ణి తప్పుపట్టడానికి కారణం ఉందని అల్పియన్ ఒప్పుకుంటాడు. ఆగడు. అలాంటి ప్రమాదకరమైన చోట కుర్చీ వేసుకున్నవాడికి గడ్డం అప్పగించినవాడు తనను తానే తిట్టుకోవాలన్న మాటలో కూడా తప్పులేదంటాడు.

ఈ నాలుగైదు పంక్తులు ఇచ్చి క్లాసును మూడు జట్లుగా విడగొడితే గంట ఎలా గడిచిందో తెలియదు. టార్ట్స్ పేపర్లో వాళ్లు చదివే సహకార నిర్లక్ష్యం మొత్తం అక్కడే వాదనకు వస్తుంది. చివర్లో ఎవరో ఒకరు అడుగుతారు: చచ్చిపోయినవాడి కుటుంబానికి ఏమొస్తుంది సార్? ఏమీ రాదు. దావా వేసేది యజమాని. పోయింది ఆయన ఆస్తి. ఎంతో తెలివైన వాదన, పునాదిలో ఎంతో క్రూరమైన ఊహ, రెండూ ఒకే పేరాలో ఉన్నాయి. స్వేచ్ఛ సహజమైనదనీ, బానిసత్వం ప్రకృతికి విరుద్ధమనీ ఒప్పుకున్న ఫ్లోరెంటైనస్ వాక్యం కూడా అదే డైజెస్ట్ మొదటి పుస్తకంలో ఉంది. ఒప్పుకున్నారు, అయినా వందల పేజీల బానిస చట్టాన్ని అలాగే ఉంచారు. రోమన్ చట్టం గొప్పదనే వ్యాసం రాయించడం కంటే ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఇక అసలు పని ఎలా జరిగిందన్నది. 527లో సింహాసనమెక్కిన జస్టీనియన్ మరుసటి ఏడాదే సంఘం వేసి, చక్రవర్తుల శాసనాలన్నీ ఏరి 529 ఏప్రిల్‌లో మొదటి కోడ్ తెచ్చాడు. 530 డిసెంబర్ 15న ఇంకా పెద్ద పని తన న్యాయమంత్రి ట్రిబోనియన్‌కి అప్పగించాడు: పాత న్యాయవేత్తల గ్రంథాలన్నీ చదివి, పనికొచ్చేవి ఏరి, వైరుధ్యాలు తీసేసి ఒక్కచోట పెట్టడం. ఆయనతో పాటు 16 మంది. ఒక ఉన్నతాధికారి, కాన్‌స్టాంటినోపుల్, బెయిరూట్ న్యాయపాఠశాలల నుంచి నలుగురు ఆచార్యులు, 11 మంది న్యాయవాదులు. పదకొండు మంది ప్లీడర్లు! మీ సమావేశాలకు కోర్టులో రోజూ వాదించేవాళ్లను ఎంతమందిని పిలుస్తున్నారో మీకే తెలుసు.

దాదాపు రెండు వేల పుస్తకాలు, ముప్పై లక్షల పంక్తులు. వాటిని లక్షన్నర పంక్తులకు కుదించి 50 పుస్తకాలు చేశారు. పదేళ్లకైనా అవుతుందని ఆశించలేదని జస్టీనియనే రాసుకున్న పని మూడేళ్లలో అయిపోయింది. మధ్యలో 532 జనవరిలో నికా అల్లర్లు. నగరం తగలబడుతుంటే జనం పేరు పెట్టి మరీ తీసేయమన్న మంత్రుల్లో ట్రిబోనియన్ ఒకడు. చక్రవర్తి తీసేశాడు. తర్వాత మళ్లీ తెచ్చుకున్నాడు. డబ్బు కోసం చట్టాలను అమ్ముకునేవాడని ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు అతని మీద రాశాడు. ఇదీ విద్యార్థులకు తెలియాలి. కోడ్ ఆకాశం నుంచి ఊడిపడదు, ఇలాంటి మనుషుల చేతుల్లోంచి వస్తుంది.

మూడేళ్లలో ఎలా అయింది? పన్నెండు వందల ఏళ్లకు పైగా ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. 1820లో జర్మనీలో బ్లూమే అనే యువ పండితుడు డైజెస్ట్‌లోని ఉల్లేఖనల వరుసను పరిశీలించాడు. ఒక్కో శీర్షికలో అవి మూడు గుంపులుగా వస్తున్నాయి, గుంపు లోపల పుస్తకాల క్రమం ఇంచుమించు మారడం లేదు. అంటే మూడు ఉపసంఘాలు పుస్తకాల్ని పంచుకుని సమాంతరంగా చదివాయన్నమాట. మినిట్స్ పుస్తకం లేని కమిటీ ఎలా పనిచేసిందో దాని ఫలితాన్ని బట్టే పట్టేసిన ఆ పరిశోధన, సాక్ష్యం చదవడంలో ఏ ఎవిడెన్స్ క్లాసుకీ తీసిపోదు.

ఏరడమంటే పారెయ్యడం కూడా. ముప్పై లక్షల్లో ఇరవై ఎనిమిదిన్నర లక్షల పంక్తులు పోయాయి. ఉన్నవాటిని కాలానికి తగ్గట్టు మార్చే అధికారం కూడా సంఘానికి ఉంది. అందుకే ఇప్పుడు చదివే అల్పియన్ ఎంతవరకు అల్పియన్, ఎంతవరకు ట్రిబోనియన్ అన్న తగాదా పండితుల్లో ఇంకా తెగలేదు. డైజెస్ట్‌లో అయిదింట రెండు వంతులు అల్పియన్ రాతలే. అప్పటికి ఆయన చనిపోయి మూడు వందల ఏళ్లు. పూర్వపు న్యాయవేత్త గ్రంథం దాదాపు యథాతథంగా దొరికింది ఒక్కటే, గైయస్ పాఠ్యపుస్తకం. 1816లో వెరోనా గ్రంథాలయంలో సెయింట్ జెరోమ్ ఉత్తరాలు రాసిన తోలు పత్రాల అడుగున, గీకేసిన సిరాగా కనబడింది.

జస్టీనియన్‌కి ఒక భయం ఉండేది. తన పుస్తకం మీద వ్యాఖ్యానాలు రాస్తే మళ్లీ గందరగోళమే. అందుకని నిషేధించాడు. గ్రీకులోకి మాటకు మాట అనువాదం, విషయసూచికల్లాంటివి తప్ప ఏది రాసినా ఫోర్జరీ నేరమే, పుస్తకం నాశనమే. పొడి అక్షరాలు వాడి నకలు రాయడం కూడా నేరమే. ఫలితం? పదకొండో శతాబ్దం చివర్లో ఇటలీలోని బొలోన్యాలో ఇర్నేరియస్ అనే పండితుడు డైజెస్ట్ పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. మార్జిన్లలో వ్యాఖ్యలు పుట్టాయి. పదమూడో శతాబ్దంలో అకుర్సియస్ వాటిని కూర్చేసరికి తొంభై వేలు దాటాయి. వ్యాఖ్య గుర్తించనిదాన్ని కోర్టూ గుర్తించదనే సామెత పుట్టింది. వ్యాఖ్యానం వద్దన్నవాడి పుస్తకం వ్యాఖ్యానం వల్లే బతికి, 1804 ఫ్రెంచి పౌరస్మృతిలోకీ 1900 జర్మన్ పౌరస్మృతిలోకీ నడిచింది.

"మనది ఇంగ్లిష్ కామన్ లా, రోమ్‌తో మనకేం పని?" అని మీలో కొందరైనా అనుకుంటారు. ఈ ప్రశ్నకు సమాధానం కలకత్తాలో ఉంది. సుప్రీంకోర్టు జడ్జిగా వచ్చిన సర్ విలియం జోన్స్ 1788లో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌కి ఉత్తరం రాశాడు. జస్టీనియన్ డైజెస్ట్ నమూనాలో హిందూ, ముస్లిం చట్టాల సంగ్రహం తయారుచేయిద్దామని, అలా చేస్తే కారన్‌వాలిస్ ఈ దేశానికి జస్టీనియన్ అవుతాడని ప్రతిపాదన. పని మొదలైంది. వృద్ధ పండితుడు జగన్నాథ తర్కపంచానన సంస్కృతంలో వివాదభంగార్ణవం కూర్చాడు. 1794లో జోన్స్ పోయాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి కోల్‌బ్రూక్ ఇంగ్లిష్‌లోకి తెచ్చి ముగించాడు.

నా దృష్టిలో జోన్స్ కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఆకారాన్ని తెచ్చుకున్నాడు, పద్ధతిని తెచ్చుకోలేదు. డైజెస్ట్ కూర్చినవాళ్లు ఆ చట్టంలో పుట్టి, ఆ కోర్టుల్లో వాదించి, మళ్లీ ఆ కోర్టుల కోసమే కూర్చారు. కలకత్తాలో మాత్రం కోర్టు పండితుల మాట నమ్మలేని విదేశీ జడ్జీలు తమకోసం ఒక పుస్తకం తయారుచేయించుకున్నారు. ఊరికో ఆచారం, ప్రాంతానికో వ్యాఖ్యానంగా ఉన్న ధర్మశాస్త్రం అలా అనువాదంలోకీ ఆ తర్వాత నజీర్లలోకీ, అంటే ఆధారంగా తీసుకునే పాత తీర్పుల్లోకీ వెళ్లి బిగుసుకుంది. 1864లో కోర్టు పండితుల కొలువే రద్దయింది. మన దగ్గర పదమూడో శతాబ్దంలోనే, తిక్కన కాలంలో, మూలఘటిక కేతన యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అది ఎవరి ఆజ్ఞా కాదు. ఈ మూడు ప్రయత్నాలనూ పక్కపక్కన పెట్టి చూపే ప్రశ్నపత్రం నేనింతవరకు చూడలేదు.

మెకాలే సంగతి వేరు. ఆయన 1837 ముసాయిదా, దాన్నుంచి 1860లో చట్టమైన భారత శిక్షాస్మృతి రోమన్ చట్టానికి నకలు కాదు. బలవంతంగా ఆ చుట్టరికం కలపొద్దనే నేనూ కోరతాను. కానీ 2024 జూలై 1న ఆ స్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చాక క్లాసులో ఏం జరుగుతోందో చూడండి. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్యకు 302 ఇప్పుడు 103, మోసానికి 420 ఇప్పుడు 318. పిల్లలు రెండు వరుసల పట్టిక బట్టీ పడుతున్నారు. (ఫోర్ ట్వంటీ అనే తిట్టు మాత్రం ఏ పార్లమెంటు మార్చినా మారదు.) క్రోడీకరణ అంటే నంబర్లు మార్చడమే అనుకునే తరం తయారవుతోంది. వాళ్లకు చెప్పవలసింది జస్టీనియన్ మొదటి కోడ్ కథ. 529లో ఇదే శాశ్వతం అని ప్రకటించింది అయిదేళ్లకే పాతబడి, 534 నవంబర్‌లో రెండోది తేవలసి వచ్చింది. మొదటిదానిలో మిగిలింది ఈజిప్టులో దొరికిన పపైరస్ ముక్క మీది విషయసూచిక భాగం. ఏం ఉంచారు, ఏం తీశారు, ఎవరు కూర్చుని తీశారు, పాత మాటకు కొత్త అర్థం ఎక్కడ తగిలించారు అని కొత్త సంహితను అడగడం ఇలాంటి కథ చదివినవాడికే వస్తుంది.

తిరుపతి కేసు చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. అవిలాల చెరువు, పేరూరు చెరువు. ప్రభుత్వం ఆ చెరువు భూముల్ని ఇళ్ల నిర్మాణానికి ఇచ్చేస్తే, ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంస్థ సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2006 తీర్పులో కోర్టు పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతాన్ని, అంటే ప్రకృతి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే అన్న సూత్రాన్ని, చెరువులకు వర్తింపజేసి, కొత్త నిర్మాణాలు వద్దంది. ఆ సిద్ధాంతం మన దగ్గరికి వచ్చింది బియాస్ నది ఒడ్డున హోటల్ కట్టిన కమల్‌నాథ్ కేసులో, 1996 డిసెంబర్‌లో. ఆ తీర్పు దాని మూలాన్ని రోమన్ చట్టంలో చూపించింది. కొత్త విద్యార్థుల కోసం జస్టీనియన్ రాయించిన పాఠ్యపుస్తకం ఇన్‌స్టిట్యూట్స్‌లో రెండో పుస్తకం ప్రకారం గాలి, పారే నీరు, సముద్రం, సముద్రపు ఒడ్డు ప్రకృతి న్యాయం ప్రకారం అందరివీ.

ఇక్కడ మూలం తెరిచి చదివిస్తే అసలు మజా. అందులో 'అందరివీ' అని ఉంది, ప్రభుత్వం వాటికి ధర్మకర్త అని లేదు. ధర్మకర్త అన్న భావన ఇంగ్లిష్ చట్టంలో ఈక్విటీ అనే శాఖలోంచి వచ్చింది. దాన్ని పర్యావరణ వ్యాజ్యాలకు పదును పెట్టింది 1970లో జోసెఫ్ శాక్స్ అనే అమెరికన్ ప్రొఫెసర్. పైగా మన చెరువు పారే నీరు కాదు, సముద్రపు ఒడ్డూ కాదు, కట్ట వేసి నిలబెట్టిన నీరు. ఇన్ని మలుపులు తిరిగి ఆరో శతాబ్దపు వాక్యం అప్పటి చిత్తూరు జిల్లా చెరువు పోరంబోకును కాపాడింది. తీర్పు తప్పని నేననడం లేదు, నాకు చాలా ఇష్టమైన తీర్పుల్లో అదొకటి. వారసత్వం ఇలా, ప్రతి చేతిలో కొంత మారుతూ వస్తుందని మన పిల్లలు సొంత కళ్లతో చూడాలంటున్నాను. చెరువు కబ్జా కేసు రేపు వాళ్లలో ఎవరి దగ్గరికైనా వస్తుంది. అవతలి ప్లీడరు లేచి "రోమన్ చట్టంలో ట్రస్ట్ ఎక్కడుంది?" అంటే జవాబు ఉండాలి.

యానాం మాట ఒక్కటి. 1804 నాటి ఆ నెపోలియన్ పౌరస్మృతి, అంటే ఒక రకంగా జస్టీనియన్ మనవడు, ఫ్రెంచి పాలనలో గోదావరి ఒడ్డుకే వచ్చింది. 1881 డిక్రీ ప్రకారం తమ వ్యక్తిగత చట్టాన్ని వదులుకుని సంతకం చేసినవాళ్లకు అది వర్తించేది. మిగతా హిందువులకు వాళ్ల ఆచారమే. ఆ సందులోంచే, బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ జిల్లాలవాళ్లు పిల్లల పెళ్లిళ్లకు యానాం వెళ్లేవారు, ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది. చట్టాల బహుళత్వం మీద ఇంతకంటే మంచి ప్రాజెక్టు వర్క్ కోస్తా విద్యార్థికి ఏముంటుంది?

కాబట్టి అడుగుతున్నవి. జురిస్‌ప్రుడెన్స్ పేపర్లో క్రోడీకరణకు ఒక యూనిట్ ఇవ్వండి. అందులో ఓమ్నెమ్ ఉత్తరం, డైజెస్ట్‌లో అక్విలియా శీర్షికలోంచి కొన్ని పేజీలు, చివరి శీర్షికలోంచి పదో పదిహేనో సూక్తులు, పౌలస్ హెచ్చరికతో సహా, నిర్ణీత పాఠాలుగా పెట్టండి. జోన్స్ ఉత్తరం, తిరుపతి తీర్పు వాటికి జతచేయండి. తెలుగు మీడియం విద్యార్థుల కోసం ఇన్‌స్టిట్యూట్స్‌ని తెలుగు చేయించండి, నాలుగు పుస్తకాలే, పెద్దదేమీ కాదు. జస్టీనియన్ కూడా 535లో ఒక కొత్త శాసనాన్ని లాటిన్‌లో కాక గ్రీకులో ఎందుకు రాయిస్తున్నాడో చెప్పుకున్నాడు, అందరికీ తెలియాలని. పరీక్షలో "జస్టీనియన్ గురించి రాయుము" తీసేసి, బంతి, క్షురకుడి పేరా ఇచ్చి వాదించమనండి.

సమయం లేదంటారని తెలుసు. ఓమ్నెమ్‌లో జస్టీనియన్ లెక్క చెబుతాడు: పాత పద్ధతిలో ముప్పై లక్షల పంక్తుల్లో బాగా చదివినవాడికి కూడా అరవై వేలకు మించి అందేవి కావు. అందుకే ఆయన పాఠాలను కొత్తగా అమర్చాడు. అదే ఉత్తరంలో కొత్త విద్యార్థుల్ని సీనియర్లు, తోటివాళ్లు ఏడిపించడాన్ని కూడా నిషేధించి, అమలు బాధ్యత కాన్‌స్టాంటినోపుల్‌లో నగర ప్రిఫెక్ట్‌కి, బెయిరూట్‌లో గవర్నర్‌కి, బిషప్‌కి, ఆచార్యులకు అప్పగించాడు. మనకు ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది.

యూనిట్ ముసాయిదా, ఎంచిన పాఠాల ఇంగ్లిష్ ప్రతులు, అయిదు మాదిరి ప్రశ్నలు నా దగ్గర తయారుగా ఉన్నాయి. మీ తర్వాతి సమావేశం అజెండాలో చేరిస్తే వచ్చి వివరిస్తాను, ప్రయాణ ఖర్చులు నావే.

ఇట్లు,
ఒక సివిల్ న్యాయవాది, గెస్ట్ లెక్చరర్